గొంతు విప్పడమంటే గొంతు చించుకోవడం కాదు

స్కూళ్లలో వార్షికోత్సవాలు, కాలేజీల్లో యువజనోత్సవాలు దగ్గరపడితే చాలు, టీచర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "పిల్లల గొంతు బాగా పలకాలంటే ఏం తాగించమంటారు?" ఒకరు మిరియాల పాలంటారు, ఒకరు పటికబెల్లమంటారు. పాత నాటకాల వాళ్లయితే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమంటారు. రిహార్సల్ గదిలో మాస్టారి మందు ఇంకోటి: "గట్టిగా అరవండర్రా, గొంతు తెరుచుకుంటుంది!" మొదటి వాటితో పెద్ద నష్టం లేదు, లాభమూ అంతంతమాత్రమే. ఈ చివరిదానితో మాత్రం ఉన్న గొంతు కాస్తా పోతుంది. నాటకానికైనా వక్తృత్వ పోటీకైనా గొంతును సిద్ధం చేసేది చిన్న శబ్దంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయే పది నిమిషాల సాధన. దాన్ని ఏ టీచరైనా నేర్పవచ్చు.

ముందు మింగే వాటి సంగతి తేల్చేద్దాం. శబ్దం పుట్టే స్వర తంత్రులు స్వరపేటికలో, అంటే గాలి వెళ్లే దారిలో ఉంటాయి. తిండీ నీళ్లూ వెళ్లే దారి దాని వెనక ఉంటుంది. గుటక వేసిన ప్రతిసారీ స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక అనే మూత దాని మీదికి వాలుతుంది, స్వర తంత్రులు కూడా దగ్గరికొచ్చి మూసుకుంటాయి. మెడ ముందు భాగాన వేలు ఆనించి ఒక్క గుటక వేయండి, ఆ లేవడం వేలికే తెలుస్తుంది. ఇన్ని అడ్డులు దాటి మిరియాల పాలు తంత్రులను తాకవు. ఒక్క చుక్క దారి తప్పితే ఏమవుతుందో అందరికీ అనుభవమే, పొలమారుతుంది. పొలమారగానే నెత్తిన తట్టి "ఎవరో తలుచుకుంటున్నారు" అనడం మన ఇళ్లలో అలవాటు. ఎవరి తలపులతోనూ దానికి సంబంధం లేదు. ఊపిరితిత్తుల్లోకి పోబోయిన చుక్కను శరీరం దగ్గుతో బయటికి నెడుతోంది. గొంతు బొంగురుపోతే దిష్టి అని నిమ్మకాయ దిగదుడిచే వాళ్లూ ఉన్నారు. అరిస్తే గొంతు పోతుంది, జలుబు చేస్తే పోతుంది, కడుపులో పులుపు పైకి తన్నినా పోతుంది. పక్కింటివాళ్ల చూపు సోకి పోదు.

కరక్కాయ చప్పరిస్తే లాలాజలం ఊరి గొంతుకు హాయిగా ఉంటుంది, ఆ మేరకు మంచిదే. నీళ్లు కూడా తాగాల్సిందే. అయితే స్టేజి ఎక్కబోతూ గడగడా తాగిన నీళ్లు ఆ నిమిషంలో తంత్రులకు అందవు. రక్తంలో కలిసి చేరడానికి సమయం పడుతుంది. అందుకే పొద్దుటి నుంచే కొంచెం కొంచెంగా తాగించాలి.

ఇప్పుడు శబ్దం సంగతి. పద్యనాటకం చూసినవాళ్లకు హార్మోనియం తెలుసు. తిత్తి గాలి ఇస్తుంది, లోపలి రీడు ఆ గాలికి అదురుతుంది, చెక్కపెట్టె ఆ అదురుకు నిండుదనం ఇస్తుంది. మనలో ఊపిరితిత్తులే తిత్తి, స్వర తంత్రులే రీడు, గొంతూ నోరూ ముక్కూ కలిస్తే పెట్టె. తెర లేచే ముందు హార్మోనిస్టు ఏం చేస్తాడో గమనించండి. మెల్లగా తిత్తి ఆడించి, శ్రుతి పట్టి, మెట్ల మీద వేళ్లను కిందికీ పైకీ ఒకసారి నడిపిస్తాడు. పెట్టెను దబదబా బాదడు. తిత్తిని ఆదరాబాదరాగా కొడితే నాదం ఎగుడుదిగుడుగా వస్తుందని అతనికి తెలుసు. ఒక రీడు పాడైతే విప్పి కొత్తది వేయించుకుంటాడు కూడా. మనకు ఉన్నది ఒకటే జత, మార్చుకునే వీలు లేదు. హార్మోనియంలో స్వరానికో రీడు ఉంటుంది, ఇక్కడ ఈ ఒక్క జతే సాగుతూ, బిగుస్తూ, వదులవుతూ అన్ని స్వరాలూ పలకాలి.

ఆ జత ఎంతుంటుందనుకున్నారు? పెద్దవాళ్లలో కూడా రెండున్నర సెంటీమీటర్లకు మించదు. మామూలు మాటలో మగవాళ్ల తంత్రులు సెకనుకు 100 నుంచి 120 సార్లు, ఆడవాళ్లవి 200 సార్ల పైచిలుకు ఒకదానికొకటి తగులుతాయి. అయిదు నిమిషాల ఉపన్యాసమిచ్చే అమ్మాయి గొంతులో మధ్య మధ్య ఆగినవి తీసేసినా పదుల వేల తాకిళ్లు. వీటి కదలికను బతికున్న మనిషి గొంతులో స్పష్టంగా చూసి ప్రపంచానికి చెప్పినవాడు డాక్టరు కాదు, పాట నేర్పే పంతులు. మాన్యుయెల్ గార్సియా అనే ఆయన 1854లో పళ్ల వైద్యులు వాడే చిన్న అద్దాన్ని గొంతులోకి పెట్టి, ఇంకో అద్దంతో ఎండను లోపలికి మళ్లించి తన తంత్రులను తానే చూసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ సంగతి లండన్ రాయల్ సొసైటీ ముందుకు వెళ్లింది. శిష్యుల గొంతు లోపల ఏం జరుగుతోందో తెలియకుండా పాఠం చెప్పడం ఆ గురువుకు నచ్చలేదు. మన టీచర్లకు కూడా ఆ పట్టుదల ఉండాలని నా కోరిక.

సాధనలో మొదటిది శ్వాస. "నాభి నుంచి పలకాలి" అని గురువులు అంటుంటారు. నాభిలో శబ్దం పుట్టదు, కానీ మాట పనికొచ్చేదే. గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తుల కింది కండరం, అంటే డయాఫ్రం, దిగుతుంది, పొట్ట ముందుకొస్తుంది. పిల్లలు "దీర్ఘంగా పీల్చు" అనగానే భుజాలు ఎగరేసి మెడ బిగిస్తారు. భుజాలు కదలకుండా పీల్చి, "స్‌స్‌స్" అంటూ పదిహేను ఇరవై సెకన్లు సమంగా వదలమనండి. సన్నగా మొదలై సన్నగానే ముగియాలి.

రెండోది స్ట్రా. ఇది నాకు ప్రాణం, కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను. నోరు బార్లా తెరిచి "ఆ" అంటే తంత్రుల కింద గాలి ఒత్తిడి ఉంటుంది, పైన దానికి ఎదురు ఉండదు. జోరు పెంచినకొద్దీ తంత్రులు రెండూ గట్టిగా కొట్టుకుంటాయి. అదే పెదాల మధ్య స్ట్రా పెట్టుకుని "ఊ" అంటే, ఆ సన్నని దారిలోంచి గాలి ఒక్కసారిగా పోలేక నోట్లో కొంత ఒత్తిడి నిలుస్తుంది. అది వెనక్కి, తంత్రుల పైభాగానికి చేరుతుంది. కిందనుంచి తోసే గాలికి పైనుంచి కొంత ఎదురు దొరికేసరికి తంత్రులు కాస్త ఎడంగా ఉంటూనే తేలిగ్గా అదురుతాయి. దెబ్బ తగ్గుతుంది, అదురు మాత్రం అలాగే ఉంటుంది. ఈ కిటుకును లెక్కలతో సహా వివరించి ప్రచారం చేసిన శాస్త్రవేత్త అమెరికాకు చెందిన ఇంగో టిట్జె.

చేయించే తీరు ఇది. గ్లాసులో సగం నీళ్లు పోసి, మామూలు జ్యూస్ స్ట్రా కొనను రెండు సెంటీమీటర్లు ముంచాలి. స్ట్రా చుట్టూ పెదాలు మూసి "ఊ" అంటే నీళ్లలో బుడగలు రావాలి. బుడగలు ఆగి ఆగి వస్తుంటే గాలి సమంగా రావడం లేదు. నీళ్లు మొహాన చిమ్మితే గాలి ఎక్కువైంది. వేళ్లతో ముక్కు మూసి చూడమనండి, శబ్దం మారిందంటే గాలి ముక్కులోంచి జారిపోతోందన్నమాట. బుడగలు ఒక తీరుకు వచ్చాక "ఊ"ను కింది స్థాయి నుంచి పైకి, పైనుంచి కిందికి జార్చాలి. ఆ తర్వాత స్ట్రా పక్కనపెట్టి, అదే సుఖంతో పాత్ర మొదటి డైలాగు చెప్పించండి. ముందు చెప్పినదానికీ ఇప్పటికీ తేడా క్లాసంతా పట్టేస్తుంది. ఎవరి స్ట్రా వాళ్లదేనని మాత్రం గట్టిగా చెప్పాలి. స్ట్రా లేకపోతే పెదాలు బుర్రుమనిపించినా ఇదే ఫలితం. చంటిపిల్లలు అలా చేస్తే వానొస్తుందంటారు. వాన సంగతి ఎలా ఉన్నా, గొంతుకు మంచిది.

మూడోది ఉచ్చారణ. దీనికి ఎక్కడెక్కడి నాలుక తిప్పుడు వాక్యాలో వెతికి తెచ్చుకోనక్కర్లేదు. మన హల్లుల వరసే ఒక వ్యాయామం. 'క' దగ్గర నాలుక వెనక భాగం లేస్తుంది, 'చ'కు మధ్య భాగం అంగిట్లో తగులుతుంది, 'ట'కు కొన మడిచి పైన కొడుతుంది, 'త'కు పళ్లను తాకుతుంది, 'ప'కు పెదాలు కలుస్తాయి. లోపలి నుంచి బయటికి అయిదు మెట్లు! "క చ ట త ప" అని మెల్లగా, తర్వాత "ప త ట చ క" అని వెనక్కి, ఆపైన "గ జ డ ద బ", చివరికి ముక్కుతో పలికేవి. నోటి ముందు అరచేయి పెట్టుకుని 'ప', 'ఫ' అంటే రెండోదానికి గాలి చేతికి బలంగా తగలాలి. ఇది చేయకపోతే స్టేజి మీద భీష్ముడు బీష్ముడవుతాడు, ధర్మరాజు దర్మరాజవుతాడు. 'కల'కూ 'కళ'కూ తేడా వినిపించకపోతే వాక్యం అర్థమే మారిపోతుంది. మైకులు లేని రోజుల్లో బళ్లారి రాఘవ తరం నటులు చివరి వరసదాకా వినిపించారంటే హల్లుల స్పష్టతకు అందులో పెద్ద వాటా ఉంది. మన చెవి చురుగ్గా పట్టేది సెకనుకు 2000 నుంచి 4000 కంపనాల మధ్య శబ్దాన్ని. హల్లుల స్పష్టత చాలావరకు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. అచ్చులను ఎంత గట్టిగా సాగదీసినా ఆ లోటు తీరదు.

దవడ, మెడ, భుజాలు వదులు చేసుకోవడం వీటన్నిటికీ ముందే, ఒక నిమిషంలో అయిపోతుంది. మాటిమాటికీ ఖంగుమని గొంతు సవరించుకోవడం మాన్పించండి. తంత్రులు గట్టిగా రాసుకుని మళ్లీ కఫం ఊరుతుంది. దాని బదులు ఒక గుటక నీళ్లు చాలు. బొంగురు గొంతుతో బలవంతంగా గుసగుసలాడడం విశ్రాంతి అనిపించుకోదు. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాల్సిందే.

ఏడు నుంచి పదో తరగతి దాకా ఉన్న మగపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. ఆ వయసులో స్వరపేటిక పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే ఒక ఆక్టేవ్, కిందికి దిగుతుంది. మధ్యలో గొంతు చీలితే క్లాసు నవ్వుతుంది, పిల్లవాడు మళ్లీ స్టేజి ఎక్కడు. నవ్వు రానీయకుండా చూడడం టీచరు బాధ్యత. వాడి గొంతు ఆ వారం ఎక్కడ సుఖంగా ఉందో అక్కడికే డైలాగును దించి చెప్పించాలి.

చివరి మాట టీచర్లకు. గొంతు దెబ్బతినే ఉద్యోగాల్లో మీది ముందు వరసలో ఉంటుంది. రోజంతా ఫ్యాను చప్పుడు మీద, పక్క క్లాసు గోల మీద గొంతు పెంచి పాఠం చెబుతారు. పిల్లల చేత చేయించే ఈ పది నిమిషాలు మీరూ వాళ్లతో కలిసి చేయండి. గురువు చేసి చూపించిందే పిల్లలకు అబ్బుతుంది, పైగా సాయంత్రం ఇంటికెళ్లేసరికి మీ గొంతూ మీతోనే ఉంటుంది.