తండ్రి గెలిచిన కప్పే... 48 ఏళ్లకు కొడుకూ గెలిచాడు!

1960 రోమ్ ఒలింపిక్స్. మన ఫుట్‌బాల్ జట్టు మూడు మ్యాచ్‌లు ఆడింది. హంగరీ చేతిలో 1-2తో ఓడింది. బలమైన ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది. పెరూ చేతిలో 1-3తో ఓడి ఇంటిదారి పట్టింది. ఈ మూడింట్లో ఒక్కదాంట్లోనూ బరిలోకి దిగే అవకాశం రాని ఓ హైదరాబాద్ కుర్రాడు ఆ జట్టులో ఉన్నాడు. పేరు సయ్యద్ షాహిద్ హకీం. వయసు 21. ఆడే స్థానం మిడ్‌ఫీల్డ్. అప్పట్లో ఒలింపిక్స్‌లో సబ్‌స్టిట్యూట్‌ల పద్ధతి లేదు. మొదటి పదకొండు మందిలో పేరు లేకపోతే ఇక అంతే సంగతులు. ఆ జట్టుకు కోచ్ ఎవరో కాదు... హకీం కన్నతండ్రి రహీం!

రెండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. కోచ్ మళ్లీ రహీమే. జట్టులో మాత్రం హకీం లేడు. కొడుకని పిలిచి చోటిచ్చే మనిషి కాదాయన. క్యాన్సర్‌తో 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు.

హకీం అప్పటికే వైమానిక దళంలో ఉన్నారు. సర్వీసెస్ జట్టుకు ఆడారు, స్క్వాడ్రన్ లీడర్ హోదా దాకా ఎదిగారు. రక్షణకూ దాడికీ మధ్య నిలబడి బంతిని ఇటునుంచి అటు చేరవేసేవాడే మిడ్‌ఫీల్డర్. గోల్ కొట్టినవాడికి చప్పట్లు, ఆపినవాడికి మెచ్చుకోళ్లు... నడుమనున్నవాణ్ని పట్టించుకునేది తక్కువ. కానీ మైదానం మొత్తం కనిపించేది అక్కడి నుంచే. బూట్లు విప్పాక కోచ్‌గా మారడానికి అంతకన్నా మంచి బడి ఏముంటుంది?

1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో పీకే బెనర్జీకి సహాయకుడిగా పనిచేశారు. మెర్డెకా కప్‌లో భారత జట్టుకు ఆయనే కోచ్. అయితే హకీం పేరు నిలబెట్టింది క్లబ్ ఫుట్‌బాలే. జాతీయ జట్టు కోచ్‌కు దేశంలోని మేటి ఆటగాళ్లు కొన్ని వారాలు దొరుకుతారు. క్లబ్ కోచ్‌కు అంత సుఖం ఉండదు. చేతిలో ఉన్నవాళ్లతోనే సీజన్ అంతా నెట్టుకురావాలి. గాయాలు, అలకలు, యాజమాన్యం ఒత్తిడి... అన్నీ ఆయన నెత్తినే! గోవాలోని సాల్గావ్‌కర్‌కూ ఆయన శిక్షణ ఇచ్చారు.

అసలు విజయం 1998లో వచ్చింది. ముంబయి జట్టు మహీంద్రా అండ్ మహీంద్రా, హకీం శిక్షణలో డ్యూరాండ్ కప్ గెలిచింది. ఓడింది హేమాహేమీలున్న ఈస్ట్ బెంగాల్! 1888లో మొదలైన ఈ కప్పు ఆసియాలోనే అతి పాతది. అంతకు 48 ఏళ్ల ముందు, 1950లో, ఇదే కప్పును రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గెలిచింది. అప్పుడు తలవంచింది మరో కోల్‌కతా దిగ్గజం మోహన్ బగాన్. తొలి ఫైనల్ 2-2తో తేలకపోతే మళ్లీ ఆడి 1-0తో నెగ్గారు. తండ్రి ఒలింపిక్స్‌లో ఆడించకపోయినా, ఆయన గెలిపించిన కప్పునే కొడుకూ గెలిపించాడన్నమాట.

ఇంకో విచిత్రం... కోచ్‌లు తిట్టుకునే రిఫరీ ఉద్యోగం కూడా హకీం చేశారు! ఫిఫా బ్యాడ్జీతో 33 అంతర్జాతీయ మ్యాచ్‌లకు ఈల ఊదారు. స్పోర్ట్స్ అథారిటీలో అధికారిగా పనిచేశారు. పెద్ద వయసులోనూ అండర్-17 ప్రపంచకప్ కోసం కుర్రాళ్లను వెతికే బాధ్యత తీసుకున్నారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. అప్పటికి ఆయన వయసు 78. కాస్త ఆలస్యమనే చెప్పాలి.

ఆయన గెలిపించిన జట్టు మహీంద్రా యునైటెడ్‌గా పేరు మార్చుకుని జాతీయ లీగ్ కూడా గెలిచి, 2010లో మూతపడింది. హకీం 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో, 82వ ఏట మరణించారు. రహీం కథతో అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ థియేటర్లకు వచ్చింది 2024 ఏప్రిల్‌లో. అప్పటికి కొడుకు పోయి రెండున్నరేళ్లు దాటింది.