కాన్పుల మధ్య విరామం: దంపతుల అమానతు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై శాంతి శుభాలు కురియుగాక!

ధర్మ సోదరులారా! సంతానం అల్లాహ్ ప్రసాదించే మహా వరం. ఆ సంతానాన్ని మోసే తల్లి కూడా మనకు అప్పగించబడిన అమానతే. వరం కోసం తొందరపడి అమానతును విస్మరించరాదు.

ముస్లిములు అధిక సంఖ్యలో ఉన్న బంగ్లాదేశ్‌ను చూడండి. 1975లో అక్కడి వివాహితలలో గర్భనిరోధక పద్ధతులు పాటించినవారు నూటికి సుమారు 8 మంది. 2014 నాటికి వారు 62 మంది అయ్యారు. పరదా పాటించే స్త్రీల ఇళ్లకే మహిళా కార్యకర్తలు వెళ్లి, మాత్రలు అందించి, వాటి సంగతులు వివరించడం ఈ మార్పుకు ఒక ముఖ్య కారణం. అయితే ఇరవై ఏళ్లు నిండని వివాహితలలో ఈ వాడకం ఇప్పటికీ తక్కువే. పెళ్లయిన ఏడాదికే బిడ్డను ఎత్తుకోవాలని అత్తింటివారు ఆశిస్తారు; కోడలు నోరు విప్పలేదు. ఎదిగీ ఎదగని వయసులో కాన్పు తల్లికీ బిడ్డకూ ప్రమాదకరమని వైద్యులు హెచ్చరిస్తున్నారు.

మరి షరీఅత్ ఏమంటున్నది? ఖుర్ఆన్ అవతరిస్తున్న కాలంలో సహాబీలు అజ్ల్ పాటించేవారనీ, అది తెలిసి కూడా దైవప్రవక్త (సఅసం) వారించలేదనీ హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. కాన్పు వల్ల భార్య ప్రాణానికి కలిగే ముప్పును ఇమామ్ గజాలీ (రహ్మ) అందుకు తగిన కారణంగా పరిగణించారు. దంపతులు పరస్పర సంప్రదింపుతో, సమ్మతితో, హాని లేని ధర్మసమ్మత పద్ధతిలో కాన్పుల మధ్య ఎడం పాటించవచ్చని 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తీర్మానించింది. నిలిచిన గర్భానికి హాని తలపెట్టరాదనీ, అనివార్య అవసరం లేనిదే సంతాన శక్తిని శాశ్వతంగా తొలగించరాదనీ అదే తీర్మానం హద్దులు విధించింది.

బిడ్డకు రెండేళ్లు పాలివ్వడం గురించి అల్ బఖరా సూరా 233వ ఆయతు బోధిస్తుంది. పాలు మాన్పించే నిర్ణయం కూడా తల్లిదండ్రుల సంప్రదింపుతో, అంగీకారంతో జరగాలంటుంది. కాన్పు తరువాత మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు సూచిస్తున్నది.

ఇది తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్‌పై భారం వేయాలని మనకు నేర్పబడింది.

కనుక సోదరులారా! భార్య మనసు తెలుసుకోండి. ఆమెను వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లి, ఆమె శరీరానికి తగిన పద్ధతిని అడగండి. అత్తలైన తల్లులు కోడలి మౌనాన్ని సమ్మతిగా భావించకండి.

అల్లాహ్ మన ఇళ్లలోని తల్లులను, పిల్లలను క్షేమంగా ఉంచుగాక! ఆమీన్.