ఇంట్లో తూటా చేస్తే జైలే!
లైసెన్సు తుపాకీకే.. తయారీకి కాదు
క్రీడాకారులకూ మినహాయింపు లేదు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: కాల్చేసిన తూటా తొడుగును మళ్లీ నింపి వాడుకోవడం, సీసం కరిగించి ఇంట్లోనే గుండ్లు పోసుకోవడం అమెరికా వంటి దేశాలలో షూటర్లకు వ్యాపకం. ఖర్చు కలిసి వస్తుందని, గురి కుదురుతుందని వారు చెబుతారు. ఆ వీడియోలు ఇప్పుడు మన పల్లెల్లోని సెల్‌ఫోన్లలోనూ కనిపిస్తున్నాయి. అక్కడ కాలక్షేపంగా సాగే ఆ పని ఇక్కడ యావజ్జీవ శిక్ష వరకు తీసుకుపోగలదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి లేదా ప్లాస్టిక్ తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, ముందు గుండు లేక ఛర్రాలు. పేలిన తర్వాత మిగిలేది తొడుగు ఒక్కటే. మిగిలిన మూడింటిని తిరిగి కూర్చడమే 'రీలోడింగ్'.

చట్టం ఏమంటోంది?

1959 నాటి ఆయుధాల చట్టం 'మందుగుండు' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. పూర్తి తూటాయే కాక దాని విడిభాగాలు, తయారీ యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. ఐదో సెక్షన్ ప్రకారం తయారీకి వేరుగా లైసెన్సు ఉండాలి. కలెక్టర్ కార్యాలయం ఇచ్చే తుపాకీ లైసెన్సు ఆ ఆయుధాన్ని ఉంచుకోవడానికి, అనుమతించిన సంఖ్యలో తూటాలు కొనుక్కోవడానికి మాత్రమే. అనుమతి లేని తయారీకి 2019 డిసెంబరులో అమలులోకి వచ్చిన సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం, జరిమానా అదనం. లైసెన్సు లేకుండా సాధారణ తూటాలు దగ్గర ఉంచుకున్నా రెండు నుంచి ఐదేళ్ల జైలు తప్పదు.

అయితే జ్ఞాపకంగా అలమరలో పెట్టుకున్న ఖాళీ తొడుగుకు భయపడనక్కరలేదు. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న విడిభాగాలను 45వ సెక్షన్ మినహాయించింది. అదే తొడుగు పక్కన మందు, ప్రైమర్లు, గుండ్లు పోసే అచ్చు దొరికితే ఉద్దేశం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. చేపల వలకు సీసపు గుండ్లు పోసుకునేవారి సంగతి వేరు. అది ఆయుధాల చట్టం కిందికి రాదు.

ఈ ప్రాంతంలో తూటా అన్న మాటకు బరువు ఎక్కువ. 1978లో జగిత్యాల జైత్రయాత్ర తర్వాత అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ రోజులు చూసినవారికి ఇంట్లో తయారైన తూటాను వినోదంగా భావించడం కష్టమే.

క్రీడకు అవసరమా?

నిజానికి ఒలింపిక్ షూటింగ్‌కు ఈ తంటా అక్కరలేదు. 10 మీటర్ల పోటీలలో వాడేది 4.5 మిల్లీమీటర్ల గాలి తుపాకీ. దానికి మందే లేదు, చిన్న సీసపు పెల్లెట్ చాలు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఆ రైఫిల్‌తోనే. 25, 50 మీటర్ల పోటీలలో వాడే పాయింట్ 22 తూటాకు నిప్పు పుట్టించే రసాయనం తొడుగు అంచులోనే ఉంటుంది. ఒకసారి పేలితే అది పారవేయవలసిందే. తూటాలు కావలసిన క్రీడాకారులు రైఫిల్ సంఘాల ద్వారా, లైసెన్సు గల దుకాణాల ద్వారా తీసుకోవచ్చు. సాధనకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ రేంజి ఉంది. జగిత్యాల కుర్రవాడికి అది దూరమే, కాని దారి అదే.

అడవి పందుల బెడదతో మొక్కజొన్న పోగొట్టుకుంటున్న రైతు ఆవేదన న్యాయమైనదే. అయినా నాటు తూటాతో పందిని కాల్చినవారిపై ఆయుధాల చట్టంతో పాటు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కూడా కేసు పడుతుంది. అధికారుల అనుమతి లేనిదే వేట కుదరదు.

ప్రమాదం చేతిలోనే

మందు కొలతలో కొద్దిపాటి తేడా వచ్చినా గొట్టంలో పీడనం హద్దు మీరుతుంది. తాతల నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ పగిలితే ముందు పోయేది పట్టుకున్నవాడి వేళ్లు, కళ్లు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. వంటింట్లో కరిగిస్తే ఆ పొగ, ధూళి ఇంటిల్లిపాదికీ చేరతాయి. పిల్లల మెదడుకు సీసం చేసే హాని తిరిగి బాగుపడదు. ఇంత మోతాదు వరకు ఫరవాలేదన్న హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

లైసెన్సుదారు మరణించిన ఇళ్లలో పాత తూటాలు ఉండిపోవడం కద్దు. వాటిని విప్పడం, పూడ్చడం, చెరువులో పారవేయడం చేయరాదు. లైసెన్సు పుస్తకంతో సహా సమీప పోలీసు ఠాణాలో గాని, అనుమతి గల ఆయుధ వ్యాపారి వద్ద గాని జాప్యం లేకుండా అప్పగించి రసీదు తీసుకోవాలని 21వ సెక్షన్ అనుసరించే వారసులకు చిక్కు ఉండదు. లైసెన్సును తమ పేర మార్చుకోదలచినవారు ఆ తర్వాత కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.