చాయ్ గడ్డపై కాఫీ పరిమళం
తేనీటి దేశం జపాన్ అనుభవం.. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లకు పాఠం

దిల్‌సుఖ్‌నగర్: ఇరానీ చాయ్‌కు పేరుమోసిన హైదరాబాద్‌లో కాఫీది చాలాకాలం రెండో స్థానమే. నగరానికి తూర్పు ద్వారమైన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఆ పరిస్థితి క్రమంగా మారుతూ వచ్చింది. విజయవాడ రహదారి మీదుగా వచ్చి ఇక్కడ స్థిరపడిన కోస్తా కుటుంబాలు ఫిల్టర్ కాఫీ అలవాటును వెంట తెచ్చుకున్నాయి. శిక్షణ కేంద్రాల విద్యార్థులు దానిని రాత్రి చదువులకు తోడు చేసుకున్నారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో ప్రారంభమయ్యాక ఈ దారిలో రాకపోకలు మరింత పెరిగాయి. తేనీరు ఏలిన చోట కాఫీ వేళ్లూనుకోవడం వింతేమీ కాదు. జపాన్ ఈ దారిలో ఎప్పుడో నడిచింది.

కుర్చీకే విలువ
టోక్యోలోని ఉయెనోలో 1888లో తొలి కాఫీశాల వెలిసింది. పత్రికలు, పుస్తకాలు, ఆటల సదుపాయం ఉన్నా నాలుగైదేళ్లకే అది మూతపడింది. అయినా ఆలోచన నిలిచింది. అక్కడి కాఫీశాలలను ‘కిస్సాతెన్’ అంటారు. ఆ మాటకు తేనీరు తాగే దుకాణమని అర్థం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాఫీ దిగుమతులు నిలిచిపోయి, 1950లో మళ్లీ మొదలయ్యాయి. తర్వాతి దశాబ్దాల్లో ఇరుకు ఇళ్లలో ఉండే యువకులకు ఈ కాఫీశాలలే చదువుకునే గదులు, సంగీతం వినే మందిరాలు అయ్యాయి. 1969లో యూసీసీ సంస్థ పాలు కలిపిన డబ్బా కాఫీని విపణిలోకి తెచ్చింది. 1980లో డౌటర్ సంస్థ నిలబడి తాగే చౌక కాఫీని టోక్యోలో ప్రవేశపెట్టింది. కూర్చునేవారికి ఒకటి, పరుగులు తీసేవారికి మరొకటి చొప్పున రెండు పద్ధతులూ అక్కడ నిలదొక్కుకున్నాయి.

దిల్‌సుఖ్‌నగర్ అవసరమూ ఇటువంటిదే. వసతిగృహంలో ఒకే గదిని పలువురితో పంచుకునే విద్యార్థికి గంటసేపు నిశ్చింతగా కూర్చునే చోటు కావాలి. బండి వద్ద కాఫీ చౌకగా దొరుకుతుంది గానీ కుర్చీ ఉండదు. పెద్ద కెఫేలో కుర్చీ ఉన్నా, దాని అద్దె కూడా కప్పు ధరలోనే కలుస్తుంది. ఒకప్పుడు ఈ లోటును ఇరానీ హోటళ్లు తీర్చేవి. ఒక్క చాయ్‌తో ఎంతసేపైనా కబుర్లు సాగేవి.

చిక్కదనం వెనుక చికోరీ
తయారీలోనూ తేడా ఉంది. జపాన్‌లో కాగితపు వడపోతలో పొడి వేసి, వేడినీటిని సన్నని ధారగా కొద్దికొద్దిగా పోస్తారు. పాలు లేకుండా తాగేవారే గింజ రుచిని పసిగట్టగలరు. మన ఫిల్టర్‌లో చిక్కని డికాక్షన్ నెమ్మదిగా దిగుతుంది. దానికి మరిగిన పాలు, చక్కెర తోడవుతాయి. ఆ చిక్కదనానికి, నలుపు రంగుకు తోడ్పడేది చికోరీ. ఇది ఒక మొక్క వేరును వేయించి చేసిన పొడి. ఇందులో కెఫీన్ ఉండదు. నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదు. రెండింటి పాళ్లనూ పొట్లంపై ముద్రించాలి. నిద్ర ఆపుకొనేందుకు కాఫీ తాగే విద్యార్థి కప్పులో దాదాపు సగం చికోరీయే ఉండవచ్చన్నమాట.

మన్యం రైతుకు మేలు
ఈ విషయం మన్యం రైతుకూ ముఖ్యమే. తూర్పు కనుమల్లో గిరిజనులు చెట్ల నీడన పండించే అరకు కాఫీ 2017లో ప్యారిస్‌లో సొంత దుకాణం తెరిచే స్థాయికి ఎదిగింది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. పండిన ఎర్రని కాయలనే ఏరి కోస్తే రుచి నిలుస్తుంది. పచ్చికాయలు కలిస్తే చెడుతుంది. ఏరి కోయడానికి కూలి ఎక్కువ. నాణ్యతకు ధర పలికితేనే రైతు ఆ శ్రమకు సిద్ధపడతాడు. జమైకాలోని బ్లూ మౌంటెన్ కాఫీ పంటలో సింహభాగాన్ని జపాన్ ఏళ్ల తరబడి మంచి ధరకు కొనుగోలు చేసింది. అక్కడ కాఫీ తాగేవారి అభిరుచే ఆ తోటలకు అండగా నిలిచింది.

ఇక్కడివారూ పొడి కొనేటప్పుడు పొట్లంపై చికోరీ శాతాన్ని, గింజ పండిన ప్రాంతాన్ని, వేయించిన తేదీని చూడాలి. వివరాలు లేకుంటే దుకాణదారును అడగాలి. కొనేవారు అడగడం మొదలైతే అమ్మేవారు మంచి సరుకు తెస్తారు. దాని ఫలం మన్యం తోటల వరకూ చేరుతుంది.