వెయ్యి గంటల పికప్

పాత పికప్‌ను ఊడదీయడానికి ఒక శని, ఆదివారాలు చాలు. తిరిగి బిగించడానికి ఏళ్లు పడుతుంది. 1967–72 మధ్య షెవర్లే తయారుచేసిన సీ-10ను ఇంటి షెడ్డులో తమకు నచ్చినట్టు మలుచుకోవడం అమెరికాలో ఎందరికో వ్యసనం. మొదలుపెట్టేవాళ్లకు కొదవ లేదు. ‘90 శాతం పూర్తయింది’ అంటూ అమ్మకానికి పెట్టేవాళ్లకూ కొదవ లేదు. వైరింగ్, అద్దాల రబ్బర్లు, తలుపుల సందులు సరిచేయడం... అసలు చాకిరీ అంతా ఆ మిగిలిన 10 శాతంలోనే ఉంటుంది.

ఉత్సాహం చచ్చిపోతే బద్ధకం ఖాతాలో వేసేస్తాం. నాకైతే మొదట్లో వేసుకున్న లెక్క మీదే అనుమానం. పని మొత్తం 1,000 గంటలనుకుందాం. వారానికి 6 గంటల చొప్పున మూడేళ్ల పైచిలుకు. పెళ్లిళ్లు, జ్వరాలు, పిల్లల పరీక్షలు పోను ఏడాదికి 40 వారాలే చేతికొస్తే నాలుగేళ్లు దాటుతుంది. ‘రెండేళ్లలో రోడ్డెక్కిస్తా’ అని ఇంట్లో మాటిచ్చిన మనిషి మూడో ఏడు వచ్చేసరికి షెడ్డు ఛాయలకే పోడు.

రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైకేల్ రాస్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 33.9 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే 48.6 అన్నారు. చివరికి పట్టింది 55.5 రోజులు. అంటే మొదటి అంచనాకు 1.64 రెట్లు. అదే లెక్కన బండికి అనుకున్న రెండేళ్లు మూడేళ్ల మూడు నెలలవుతాయి. థీసిస్‌కు తుప్పు పట్టదు కాబట్టి ఇది తక్కువ లెక్కే.

తుప్పు క్యాబిన్ వెనక మూలల్లో, తలుపుల కింది రాకర్ ప్యానెళ్లలో దాక్కుంటుంది. పైన రంగు నిగనిగలాడుతుంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సర్రున లోపలికి దిగిపోతుంది. అంతమేరా కోసి కొత్త రేకు అతకాలి. వేడికి రేకు వంకర పోకుండా వెల్డింగ్‌ను చుక్కలు చుక్కలుగా, ఇక్కడొకటి అక్కడొకటి పెట్టుకుంటూ పోవాలి. రోజంతా వంగి చేసినా చూసేవాళ్లకు బండి నిన్న ఉన్నట్టే ఉంటుంది. చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే.

చేసిన పని కళ్లకు కనబడితే ఎంత తేడా వస్తుందో జోసెఫ్ న్యూన్స్, గ్జేవియర్ డ్రేజ్ 2006లో ప్రచురించిన కార్ వాష్ ప్రయోగం చెబుతుంది. కార్డు నిండితే ఒక వాష్ ఉచితం. 300 మందిలో సగానికి 8 ముద్రల కార్డు ఇచ్చారు. మిగతా సగానికి 10 ముద్రల కార్డు, అందులో 2 ముందే వేసి ఇచ్చారు. ఎవరైనా ఇంకా 8 సార్లు రావాల్సిందే. మొదటివాళ్లలో 19 శాతం కార్డు నింపితే, రెండోవాళ్లలో 34 శాతం నింపారు.

అందుకే గంటల్లో కాకుండా ముక్కల్లో లెక్కపెట్టుకోవడం మేలు. వైరింగ్‌కు 18 సర్క్యూట్ల కిట్లు దొరుకుతాయి. ఇవాళ హారన్, ఇంకో సాయంత్రం బ్రేక్ లైటు. ఫ్యూజు పెట్టి స్విచ్ నొక్కగానే దీపం వెలిగితే ఒకటి అయిపోయినట్టే. లప్పం రుద్దడంలో ఆ సుఖం లేదు. 80 నంబరు ఎమరీ పేపరు నుంచి 400 దాకా రుద్దుతూనే ఉండాలి. అక్కడ ఒక్కో తలుపును ఒక్కో పనిగా లెక్కేసుకోవాలి.

వీలైతే బండిని నడిచే స్థితిలోనే ఉంచుకోవాలి. సీ-10కు ముందు చక్రాల డిస్క్ బ్రేకులు 1971 నుంచి కంపెనీయే ఇచ్చింది, అంతకుముందువి డ్రమ్ములే. 1969 బండి ఉన్నవాళ్లు ఈ ఏడాది డిస్కులు వేసుకుని తిరగొచ్చు. సీటు వెనకాల ఉండే పెట్రోలు ట్యాంకును వచ్చే ఏడు వెనక బెడ్ కిందికి మార్చుకోవచ్చు. ఛాసిస్ విప్పి రంగు వేయనిదే పని కాదనేవాళ్లు దీన్ని ఒప్పుకోరు. బండి పోటీలకు వెళ్లేదైతే వాళ్ల మాటే నిజం. అలా విప్పేటప్పుడు తీసిన బోల్టులను చోటు పేరు రాసిన కవర్లలో వేసి, ఫొటోలు తీసుకోవాలి. మూడేళ్లయ్యాక ఏది తలుపు కీలుదో, ఏది ఫెండర్‌దో ఎవరికీ గుర్తుండదు. మధ్యలో అమ్మాల్సి వచ్చినా, కొనేవాడు ముందుగా అడిగేది ఆ కవర్ల గురించే.