ఒకే ఆవంలో పక్కింటి కుండ

పాపా, అబ్బోడా, ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టి ఇట్లా కూచోండి. మన అంగళ్లు నుంచి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే దారి ఒకటే గదా. ఆ దారెమ్మటి ఏం ఎక్కువంటే మీరు టమాటా అంటారు. నేనైతే మట్టి అంటాను. మదనపల్లె, పలమనేరు టెర్రకోట బొమ్మల్లో సగం చేతి పని, సగం చెరువు పని.

చుట్టూ గుట్టలు చూడండి, అన్నీ గ్రానైటు జాతి రాళ్లే. వాటిలో ఫెల్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది. అది వానకు నాని, ఎండకు పగిలి, ఎన్నో వేల ఏళ్లకు బంకమన్నుగా మారుతుంది. వరద నీళ్లు దాన్ని కిందికి మోసుకొస్తాయి. ఇసుక బరువు గాబట్టి ముందే దిగబడుతుంది. సన్న రేణువులు నీళ్లు నిలిచే చెరువు లోతట్టుదాకా తేలుతూ వచ్చి అక్కడ పేరుకుంటాయి. ఎరుపు ఎక్కడిదంటే ఇనుము. అదే ఇనుప తుప్పు రంగు.

ఆ రేణువులు గుండ్రంగా ఉండవు, పలచటి రేకుల్లా ఉంటాయి. మీ అవ్వ అంట్లు తోమేటప్పుడు తడి స్టీలు కంచాలు రెండు ఒకదానికొకటి అతుక్కుంటాయి చూడండి. పక్కకు జరిపితే జారతాయి, పైకి లాగితే రావు. మట్టి కూడా అంతే. అందుకే కుమ్మరి సారె మీద వేలు ఎట్లా నడిపితే అట్లా జరుగుతుంది, తీరా వేలు తీస్తే నిలబడుతుంది. ఆరేటప్పుడు రేకుల నడుమ నీళ్లు పోయి అవి దగ్గరవుతాయి గాబట్టి కుండ కుంచించుకుపోతుంది. ఒకవైపు ఎండ, ఒకవైపు నీడ పడిందంటే బీట ఖాయం.

ఆరిన కుండ నీళ్లలో వేస్తే మళ్లీ బురదే. కాలిస్తే మాత్రం వెనక్కి తిరగదు. సుమారు 450 నుంచి 600 డిగ్రీల నడుమ, మట్టి రేకుల్లోనే కట్టుబడి ఉన్న నీళ్లు కూడా ఆవిరై పోతాయి. ఆ తర్వాత అది వేరే పదార్థం, ఎన్నాళ్లు నానబెట్టినా కరగదు.

ఇప్పుడు అసలు సంగతి. కుండలు కాల్చే ఆవం ఎప్పుడూ నలుగురిది. కట్టెలు, చొప్ప, పిడకలు అన్నీ ఖర్చే గదా, ఒక్క కుండకోసం ఎవరు మంట పెడతారు? పట్నాల్లో ఇప్పుడు నలుగురు కళాకారులు చేరి ఒక గది, రెండు సారెలు, ఒక కొలిమి పంచుకుని స్టూడియో అంటున్నారు. నాకైతే అది పాత ఆవానికి కరెంటు పెట్టినట్టే కనిపిస్తుంది. పంచుకున్నాక పక్కోడి తప్పు మన నెత్తిన పడుతుంది. సరిగా ఆరని బొమ్మ ఒకటి లోపలికి పోయిందనుకోండి, అందులోని నీళ్లు ఆవిరై ఒక్కసారిగా ఉబ్బుతాయి. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు చోటు కావాలి మరి! ఆ బొమ్మ పేలి, పెంకులు పక్కింటోళ్ల కుండల మీద పడతాయి.

వేడి దగ్గరా అదే పేచీ. మన ఎర్రమట్టికి 900, 1,000 డిగ్రీలు చాలు. స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టికి 1,200 దాటాలి. రెండూ ఒకే కొలిమిలో పెడితే మనది పొంగి, కుంగి, పలకకు అతుక్కుపోతుంది. పాతకాలం కుమ్మరి మంట రంగు చూసి వేడి చెప్పేవాడు. ఇంగ్లండులో జోసయ్య వెడ్జ్‌వుడ్ అనే కుండల వ్యాపారి 1782లో మట్టి ముక్క ఎంత కుంచించుకుపోయిందో కొలిచి కొలిమి వేడి లెక్కగట్టాడు. ఆయన అంకెలు నిజానికి చాలా ఎక్కువ చెప్పాయి, అయినా ఆలోచన గొప్పది, మరుసటి ఏడు రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘంలో చేర్చుకున్నారు. తర్వాత 1886లో హెర్మన్ జేగర్ అనే జర్మనీ ఆయన, వేడికి వంగే చిన్న మట్టి కోనులు తెచ్చాడు. ఇప్పటికీ స్టూడియోల్లో ‘నీది ఏ కోను?’ అని అడిగాకే పక్కన చోటిస్తారు.

ఈ స్టూడియో కళాకారులకు ఊహలు ఎక్కణ్ణించి వస్తాయంటావా పాపా? కొందరికి గుడి గోపురం, కొందరికి తలుపు ద్వారబంధం. హైదరాబాద్‌లో కళ చదివిన పి.ఆర్. దారోజ్ గారు మట్టితో ద్వారాలంత పెద్దవి కట్టారు. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకున్నవాళ్లు దేశమంతా ఉన్నారు. కానీ పక్కన కాలే కుండే పెద్ద గురువంటాను నేను. ఊరికే అనడం లేదు, రసాయనమే సాక్ష్యం. ఒకరు క్రోమియం కలిపిన పచ్చ గ్లేజు, అంటే గాజులా మెరిసే పూత, పూస్తారు. పక్కాయన తగరం కలిపిన తెల్ల గ్లేజు పూస్తాడు. వేడికి క్రోమియం కొంచెం ఆవిరై గాలిలో కలిసి తెల్ల కుండ మీద వాలుతుంది. కొలిమి తెరిచేసరికి పచ్చ కుండ వైపున్న తెల్ల బుగ్గ గులాబీ రంగులో ఉంటుంది! మొదటిసారి ఆయన తిట్టుకుంటాడు. రెండోసారి కావాలనే ఆ పక్కన పెడతాడు.

ఇట్లాంటి కొంటెపని మనవాళ్లకూ తెలుసు. దక్షిణాదిలో రాకాసి గుళ్లు అనే పాత సమాధుల్లో నలుపు-ఎరుపు కుండలు దొరుకుతాయి, పైన నల్లగా, కింద ఎర్రగా. రంగు పూసింది కాదు. కుండను పొట్టులో బోర్లించి కాల్చి ఉంటారని పండితుల మాట. లోపలికి, నోటి దగ్గరికి గాలి అందక పొగబొగ్గు పట్టి నలుపెక్కింది. గాలి తగిలిన చోట ఇనుము ఎర్రబడింది. మ్యూజియంలో కనబడితే లోపలికి తొంగి చూడండి, అక్కడా నలుపే ఉంటుంది.