బాలల స్థూలకాయం: వంశమెంత, వడ్డన ఎంత?

మగబిడ్డకు సరి నెలలో, ఆడబిడ్డకు బేసి నెలలో అన్నప్రాశన జరిపించడం మన ఇండ్లలో అనూచానంగా వస్తున్న ఆచారం. స్వామి సన్నిధిలో ఆ తొలిముద్దను అందుకొనే వేళకు శిశువు శరీరం కూడా అందుకు సిద్ధమవుతూ ఉంటుంది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైము పుట్టిన నాడు శిశువు లాలాజలంలో అతిస్వల్పం. ఆరు నెలలు నిండేసరికి అది గణనీయంగా పెరుగుతుంది. క్లోమగ్రంథి నుండి రావలసిన అమైలేజ్ మాత్రం ఇంకా ఆలస్యంగా వృద్ధి చెందుతుంది. అందువల్లనే తొలినాళ్లలో అన్నం మెత్తగా, కొద్దికొద్దిగా పెట్టాలి.

ఆనాడు బిడ్డ ఒక్క మెతుకు మింగితే మురిసిపోయిన తల్లిదండ్రులే, పదేళ్లు తిరిగేసరికి అదే బిడ్డ బరువును చూచి కలత చెందడం ఇప్పుడు అరుదు కాదు. “మా వంశమే అంత” అని కొందరు సరిపెట్టుకొంటారు. “వీడికి నోటి మీద అదుపు లేదు” అని కొందరు బిడ్డను నలుగురిలో నిందిస్తారు. ఈ రెండు మాటలలోను ఎంత సత్యమున్నదో విచారించడం అవసరం.

నోటిలోనే ఆరంభం

కూర గాని, పచ్చడి గాని కలపకుండా ఒక ముద్ద వట్టి అన్నాన్ని నిమిషం సేపు నెమ్మదిగా నమిలి చూడండి. క్రమంగా తీపి తెలుస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థపు పొడవైన గొలుసులను తెంచి చక్కెరలుగా మార్చడమే దీనికి కారణం. ముద్ద జఠరంలోకి దిగిన పిమ్మట అక్కడి ఆమ్లం ఈ పనిని ఆపివేస్తుంది. మిగిలిన పనిని చిన్నప్రేగులో క్లోమగ్రంథి నుండి వచ్చే అమైలేజ్ పూర్తి చేస్తుంది. కనుక లాలాజలపు అమైలేజ్ తక్కువైనంత మాత్రాన అన్నం అరగకపోదు.

జన్యువు చెప్పే మాట

లాలాజలంలో అమైలేజ్‌ను తయారు చేయించే జన్యువు మనలో ఒకటవ క్రోమోజోముపై ఉన్నది. చాలా జన్యువులు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండేసి ప్రతులుగా సంక్రమిస్తాయి. ఈ జన్యువు తీరు వేరు. ఒకరిలో రెండే ప్రతులుంటే మరొకరిలో పది దాటవచ్చు. ప్రతులు పెరిగినకొద్దీ లాలాజలంలో అమైలేజ్ సాధారణంగా పెరుగుతుంది. ఒకే తల్లి బిడ్డలలోనైనా ఈ సంఖ్య వేరువేరుగా ఉండవచ్చు.

పిండిపదార్థం అధికంగా తినే జనసమూహాలలో ఈ ప్రతులు సగటున ఎక్కువగా ఉన్నాయని 2007లో జార్జ్ పెర్రీ, ఆయన సహచరులు వెల్లడించారు. ప్రతులు తక్కువగా ఉన్నవారిలో స్థూలకాయం ఎక్కువని 2014లో లండన్ కింగ్స్ కళాశాల పరిశోధకులు ప్రకటించారు. 2015లో మెక్సికో బాలబాలికలపై జరిగిన పరిశీలన కూడా ఆ మాటనే సమర్థించింది. కాని అదే సంవత్సరం, ప్రతులను మరింత కచ్చితంగా లెక్కించే పద్ధతితో వేలమందిని పరీక్షించిన మరొక బృందానికి అటువంటి సంబంధమేదీ కనబడలేదు. పిల్లల బరువును ఈ ఒక్క జన్యువే నిర్ణయిస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదు. ఆకలిని, తృప్తిని ప్రభావితం చేసే ఇతర జన్యువులు అనేకం ఉన్నాయి. ఒక్కొక్కదాని పాత్ర స్వల్పమే.

ఒకే కుండలోని అన్నం తిన్న ఇద్దరు పిల్లలలో ఒకరు బొద్దుగా, ఒకరు సన్నగా ఉండడంలో జన్యువులకు భాగమున్నది. కాబట్టి బిడ్డను నిందించడం న్యాయం కాదు. అయితే రెండు తరాలలో ఒక ప్రాంతపు జన్యువులు మారిపోవు. మారినది మరొకటి ఉన్నది.

మారినది మన పళ్లెం

పల్నాటిలోను, ప్రకాశం మెట్టలలోను మన తాతముత్తాతల నిత్యాహారం జొన్న, సజ్జ, కొర్ర, వరిగ. వరి అన్నం పండుగలకు, అతిథులకు. నాగార్జునసాగర్ నిర్మాణానికి 1955లో శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద వరి విస్తరించింది. నల్లరేగడి చేలలో ప్రత్తి, మిరప వాణిజ్యపు పంటలుగా నిలిచాయి. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదయింటి ఆకలిని తీర్చింది. ఆ మేలును మరువరాదు. కాని దానితో పాటు బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం మూడు పూటలా పళ్లెం నిండా చేరింది. నాడు చేనిలో రోజంతా వంగి పనిచేసిన దేహాలకు ఆ శక్తి ఖర్చయ్యేది. నేడు బడి బస్సు, ట్యూషను, సెల్‌ఫోను నడుమ గడిపే పిల్లలకు అది కొవ్వుగా నిలువవుతుంది. చిప్సు, తీపి పానీయాలు దానికి తోడవుతున్నాయి.

దేశంలో అయిదేళ్లలోపు పిల్లలలో అధిక బరువు గలవారు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగవ విడతలో 2.1 శాతం కాగా, అయిదవ విడతలో 3.4 శాతమయ్యారు. భారతీయుల ఆహారశక్తిలో 50 నుండి 70 శాతం ధాన్యాల నుండే వస్తున్నదని, అది 45 శాతం మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో సూచించింది.

ఇంట చేయదగినవి

ఘాటైన పచ్చడి, ఊరగాయ ఒక్కటే ఉంటే అన్నం తెలియకుండానే ఎక్కువ లోపలికి పోతుంది. పప్పు, కూర, పెరుగు ముందుగా వడ్డించి, అన్నం తగినంత పెట్టండి. పప్పులోని మాంసకృత్తులు, కూరలోని పీచు చక్కెర రక్తంలో చేరే వేగాన్ని తగ్గిస్తాయి. వారంలో కొన్ని పూటలు కొర్రన్నం, జొన్నరొట్టె అలవాటు చేయండి. వండి చల్లార్చిన అన్నంలో కొంత పిండిపదార్థం సులభంగా అరగని రూపం దాలుస్తుంది. శుభ్రంగా ఉంచిన చద్దన్నంలో మజ్జిగ కలిపి పెట్టే ఆచారం అందుకూ మేలే. నెమ్మదిగా నమలడం నేర్పండి. బడి వయస్సు పిల్లలకు రోజుకు అరవై నిమిషాలైనా పరుగు, ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఎదిగే బిడ్డను పస్తులుంచరాదు. అయిదేళ్లలోపే బరువు విపరీతంగా పెరుగుతూ, ఎంత తిన్నా ఆకలి తీరని బిడ్డను పిల్లల వైద్యునికి చూపించాలి. అటువంటి కొందరిలో అరుదైన జన్యుదోషం కారణం కావచ్చు.

వంశం నుండి వచ్చినదానికి బిడ్డ బాధ్యుడు కాడు. పళ్లెంలోకి వచ్చేదానికి మాత్రం పెద్దలమైన మనమే బాధ్యులం. ప్రసాదాన్ని చిటికెడు కళ్లకద్దుకొని తృప్తి చెందే మనకు, మితం కొత్త పాఠం కాదు. ఆ మితాన్ని ఇంటిల్లిపాదీ కలిసి పాటిస్తే, బిడ్డ తానొక్కడే శిక్ష అనుభవిస్తున్నానని భావించడు.